ఒక సెక్షన్లో రెండు కార్లు

జగన్నాథం రెండు చూపుడు వేళ్ళతోనే టైపు చేస్తాడు. ఆ ఉదయం కాఫీ గ్లాసుని ల్యాప్‌టాప్‌కి జానెడు దూరంలో పెట్టుకుని, కొత్త ఫైలు తెరిచి, ముందుగా రేసు ట్రాకుని పదహారు ముక్కలుగా కోశాడు. ఒక్కో ముక్కకీ ఒక నంబరు, పొడవు, అందులో ఎంత వేగంతో పోవచ్చన్నది రాశాడు. ఆ వెంటనే, ఎవరో పక్కన కూర్చుని చెప్పి రాయిస్తున్నట్టు, ఆగకుండా ఇంకో నాలుగు లైన్లు కొట్టాడు. ముందు ముక్కలో కారు ఉంటే వెనక కారు అందులోకి రాకూడదు. ముందుది ఖాళీ చేసేదాకా వేగం తగ్గించుకోవాలి. రాసింది ఒకసారి చదువుకుని, సేవ్ చేసి, కాఫీ తాగాడు. ఆ నాలుగు లైన్ల సంగతి తర్వాత ఐదు నెలలపాటు ఆయనకి మళ్ళీ గుర్తు రాలేదు.

ఆయనకి అరవై రెండేళ్ళు. తాత శ్రీకాకుళం వైపు నుంచి బిలాస్‌పూర్ వచ్చి రైలుపట్టాల గ్యాంగులో చేరాడు. తండ్రి యార్డులో షంటింగ్ చేయించేవాడు. జగన్నాథం చదువుకుని స్టేషన్ మాస్టరయ్యాడు, ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు సెక్షన్ కంట్రోలర్‌గా పనిచేసి రెండేళ్ళ కిందట రిటైరయ్యాడు. కంట్రోలరు బండి నడపడు. డ్యూటీలో ఉన్నంతసేపూ బండి ముఖం కూడా చూడడు. ఒక గదిలో చెవికి ఫోను తగిలించుకుని కూర్చుని, వంద కిలోమీటర్ల మేర ఏ బండి ఎక్కడుందో స్టేషన్ల నుంచి వింటూ, ఏది ముందు పోవాలో, ఏది లూప్ లైన్లోకి తప్పుకుని నిలబడాలో చెబుతాడు.

అలాంటి మనిషికి మోటారు రేసుల పిచ్చి ఎలా పట్టిందని కాలనీలో చాలామంది అడిగారు. పట్టింది రేసుల పిచ్చి కాదు, రేసు జట్టుని నడిపే ఆట పిచ్చి. పన్నెండేళ్ళ కిందట ఇంటర్నెట్‌లో ఏదో వెతుకుతుంటే దొరికింది. ఫోన్లో ఎక్కించుకోనక్కర్లేదు, బ్రౌజర్ తెరిస్తే చాలు. అందులోనూ మనం కారు నడపం. రెండు కార్ల జట్టుకి పెద్దగా ఉంటాం. ఏ టైర్లు వేయాలి, ఎంత ఇంధనం నింపాలి, ఏ ల్యాపులో కారుని పిట్‌లోకి పిలిచి టైర్లు మార్పించాలి, డ్రైవరుని తొందరపెట్టాలా, నెమ్మదిగా పొమ్మనాలా, అంతా ముందే రాసి పంపాలి. ఆదివారం పది గంటలకి రేసు తనంతట తానే జరుగుతుంది. తెర మీద రంగురంగుల చుక్కలు ట్రాకు చుట్టూ తిరుగుతుంటే, మనం రాసిన రాత ఎంతవరకు ఫలించిందో చూసుకోవడమే. ఇది తన ఉద్యోగమే కదా అనిపించింది జగన్నాథానికి. పైగా ఇందులో తప్పు చేస్తే ఎవరికీ సంజాయిషీ రాసివ్వనక్కర్లేదు.

ఆ ఆటలోనే బిలాస్‌పూర్ చుట్టుపక్కల వాళ్ళు పద్దెనిమిది మంది పోగై, ఊరి ఏటి పేరుతో 'అర్పా లీగ్' అని పెట్టుకున్నారు. బ్యాంకువాళ్ళు, బొగ్గు ఆఫీసువాళ్ళు, ఒక పళ్ళ డాక్టరు, తఖత్‌పూర్‌లో ట్రాక్టరు విడిభాగాలమ్మే ఒకాయన. పన్నెండేళ్ళలో సగంమంది ఒకరినొకరు ఎదురుగా చూసుకున్నది లేదు, కానీ ఆదివారం పదింటికి ఎవరూ తప్పేవారు కాదు. కిందటి చలికాలంలో ఆ సైటు నడిపేవాళ్ళు రెండు వాక్యాల కబురు పెట్టి ఆట మూసేశారు. లీగ్ గ్రూపులో రెండు రోజులు ఏడుపులు నడిచాయి. మూడో రోజు జగన్నాథం రాశాడు: "నేను కడతాను. ఆరు నెలలు టైమివ్వండి."

ఈ మాట ముందుగా భార్య శాంతాదేవికి కూడా చెప్పలేదు. చెప్పేది మాత్రం ఏముంది? కంట్రోల్ ఆఫీసుకి కంప్యూటర్లు వచ్చిన కొత్తలో, తాము ఏళ్ళ తరబడి పెన్సిలుతో గీసిన గీతల్ని మిషను ఎలా గీస్తోందో తెలుసుకోవాలని గోల్‌బజార్‌లో ఒక లావుపాటి పుస్తకం కొనుక్కొచ్చి, ఏడాదిన్నర దాన్ని నమిలాడు. డ్యూటీల పట్టిక తయారుచేసే చిన్న ప్రోగ్రాం ఒకటి రాస్తే ఆఫీసులో ఆరేళ్ళు వాడుకున్నారు. అంతకుమించి ఎవరి దగ్గరా నేర్చుకోలేదు.

పొద్దున్నే ఐదున్నరకి కూర్చుంటే తొమ్మిదింటికి లేచేవాడు. టైరు అరుగుదల లెక్క ముందు గళ్ళ కాగితం మీద, తర్వాత మిషన్లో. రెండూ కలిస్తేనే ముందుకి. వానపడితే పట్టు ఎంత తగ్గాలి, బరువు దిగేకొద్దీ కారు ఎంత చురుకెక్కాలి, ఒక్కోదానికీ వారం పదిరోజులు పట్టింది. మొదటి ట్రాకుకి 'తఖత్‌పూర్ సర్క్యూట్' అని పేరు పెట్టాడు. శాంతాదేవి ముప్పైనాలుగేళ్ళుగా ఆయన డ్యూటీల లెక్కనే వంట చేసిన మనిషి. రిటైరయ్యాక కూడా ఆయన కాఫీ ఐదున్నరకే పెట్టాల్సి వస్తోందని ఒకసారి అని ఊరుకుంది.

ఐదో నెలాఖరున, ఒక ఆదివారం, మొదటి ట్రయలు పెట్టారు. ట్రయలే కాబట్టి ఆరు జట్లు, పన్నెండు కార్లు, ముప్పై ల్యాపులు. అందరూ ఫోన్లలో ఒకే కాల్‌లోకి వచ్చారు. చుక్కలు బయల్దేరాయి. బొమ్మ బాగుందని పళ్ళ డాక్టరు మెచ్చుకున్నాడు. పది ల్యాపులయ్యేసరికి మాటలు తగ్గాయి. ఇరవై అయ్యేసరికి ఎవరి ఇంట్లోనో కుక్కర్ కూతలు వినిపించాయి. ముప్పై పూర్తయ్యేసరికి, బయల్దేరిన వరసేదో చేరిన వరసా అదే. పిట్‌లోకి వెళ్ళొచ్చిన చోట మాత్రమే ఒకరిద్దరు మారారు.

మొదట నోరు విప్పింది మనీష్. బోద్రీ కోర్టులో గుమాస్తా. బిలాస్‌పూర్‌లోనే, తోర్వాలో పుట్టి పెరిగిన తెలుగు కుర్రాడు. తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు.

"అంకుల్, బురా మత్ మానియే, తప్పుగా అనుకోకండి. ఇది రేసు కాదు, బొగ్గు గూడ్సుల లైను. నా కారు ముప్పై ల్యాపులు మీ కారు వెనకాల చేతులు కట్టుకుని నడిచింది."

నలుగురైదుగురు నవ్వారు. జగన్నాథానికి మండింది. "టైర్లు ఎప్పుడు మార్చాలో నీకు తెలవకపోతే నా ప్రోగ్రామేటి చేస్తాది?" అన్నాడు.

అప్పుడు ప్రణీత కలగజేసుకుంది. ఆమె ఏలూరు పిల్ల, బొగ్గు గనుల ఆఫీసులో సర్వేయరు. లీగ్‌కి కార్యదర్శి కూడా. "కొత్త టైర్లు మనీష్‌వే సార్. మీకంటే ల్యాపుకి సెకను ఎక్కువ వేగం ఉంది. అయినా దాటలేదు. ఎక్కడో ఏదో పట్టి ఆపుతోంది."

తర్వాత ఆమె చెప్పాల్సింది నెమ్మదిగానే చెప్పింది. మళ్ళీ మూడో ఆదివారం ఇంకో ట్రయలు పెడదాం. అదయ్యాక ఓట్లు తీసుకుందాం. కుదరలేదంటే లీగ్ మూసేద్దాం. వేలితో కారు నడిపే ఫోన్ ఆటేదో ఉందట, ఇష్టమున్నవాళ్ళు అందులోకి పోవచ్చు. జగన్నాథం సరేనన్నాడు. ఫోను పెట్టేశాక చాలాసేపు తెర మీద ఆగిపోయిన చుక్కల్నే చూస్తూ కూర్చున్నాడు. పన్నెండేళ్ళ ఆదివారాలు తన లెక్కలో ఏదో తప్పు వల్ల పోతాయంటే ఆయనకి మింగుడుపడలేదు. లెక్కలో తప్పు కనిపించనూ లేదు.

మూడు రోజులు ప్రతి అంకెనీ చేత్తో సరిచూశాడు. టైర్లు సరి, ఇంధనం సరి, మలుపుల్లో వేగాలు సరి. నాలుగో రోజు తెలిపారా బజారుకి వెళ్ళి నాలుగు పెద్ద తెల్ల షీట్లు కొనుక్కొచ్చాడు. భోజనాల బల్ల ఖాళీ చేయించి, స్కేలు పెట్టి, కంట్రోల్ ఆఫీసులో గీసినట్టే చార్టు గీయడం మొదలుపెట్టాడు. అడ్డంగా కాలం, నిలువుగా ట్రాకు పదహారు ముక్కలు. ఒక్కో కారుకీ ఒక్కో వాలు గీత. గీతని గీత కోస్తే అక్కడ రెండు బళ్ళు కలిసినట్టు. పెన్సిలు చెక్కుకుంటూ గీసుకుంటూ మధ్యాహ్నం దాకా పన్నెండు కార్లకీ పది ల్యాపులు ఎక్కించాడు.

గీయడం అయ్యాక వెనక్కి జరిగి చూస్తే కడుపు నిండినట్టయింది. గీతలన్నీ ఒకదాని వెనక ఒకటి, సమానమైన ఎడంతో, దువ్విన జుట్టులా పడి ఉన్నాయి. ఎక్కడా ఒక బండి ఇంకోదాని మీదికి రాలేదు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఇలాంటి చార్టు ఒక్క రోజైనా రాలేదు. వచ్చుంటే ఆఫీసర్లకి చూపించేవాడు.

శాంతాదేవి తోటకూర కట్ట పట్టుకుని వచ్చి, బల్ల ఖాళీ అయిందేమోనని చూసింది. కాలేదు. వంగి చార్టు చూసింది.

"బాగుంది. ఏ రోజుదిది?"

"రోజుది కాదు. రేసుది."

"అలాగేటి. మరి ఒక్క గీతా ఇంకో గీతని కొయ్యలేదేటి?"

"కోస్తే ఏటవుద్దో నీకు తెలీదేటి? రెండు స్టేషన్ల మధ్యన గీతని గీత కోసిందంటే..." అంటూ ఆగిపోయాడు.

శాంతాదేవి బల్ల చివర కాస్త చోటు చేసుకుని తోటకూర తుంచడం మొదలుపెట్టింది. "ఒక సెక్షన్లో రెండు బళ్ళుంటే మీకు అన్నం సయించదు. నాకు తెలీనిదేటి? డ్యూటీ నుంచొచ్చి కంచం ముందర కూకుని ఫోను చేసేవోరు, ఫలానా గూడ్సు సెక్షను దాటిందా లేదా అని. ఆ కార్లేటి చేస్తాయి పాపం, మీరు పొమ్మన్నట్టే పోతన్నాయి."

జగన్నాథం వెళ్ళి ల్యాప్‌టాప్ తెరిచాడు. ఐదు నెలల కిందటి మొదటి ఫైలు, మొదటి పేజీ. నాలుగు లైన్లూ అక్కడే ఉన్నాయి. రైలైతే రెండు స్టేషన్ల మధ్య సెక్షన్లో ఒక్కటే ఉండాలి. దాటాలంటే ముందుది స్టేషన్లో లూప్ లైనులోకి తప్పుకోవాలి. తన కార్లు కూడా అలాగే దాటుకున్నాయి, పిట్‌లోకి తప్పుకున్నప్పుడు మాత్రమే. తప్పు కూడికల్లో లేదు కాబట్టే లెక్క ఎన్నిసార్లు చూసినా దొరకలేదు. సిగ్గు వేసింది. కాసేపటికి నవ్వొచ్చింది. వంటింట్లోకి వెళ్ళి భార్యకి చెబితే, ఇప్పుడైనా బల్ల ఖాళీ చెయ్యమంది.

నాలుగు లైన్లూ తీసేయడానికి నాలుగు సెకన్లు చాలు. తీసేసి రేసు నడిపితే ఇంకో తమాషా అయింది. కార్లు ఒకదానిలోంచి ఒకటి పొగలోంచి పొగ పోయినట్టు పోయాయి. వేగం ఎక్కువున్నది పదో ల్యాపుకి ఊరు దాటిపోయింది. అడ్డుకున్నదీ లేదు, పెనుగులాడిందీ లేదు. ఇది ముందటిదానికన్నా అన్యాయంగా ఉంది. దాటనివ్వడం సరే, దాటడం కష్టం కావాలి. ఎంత కష్టమన్నదే ఆయనకి తెలియదు. జీవితమంతా బళ్ళని ఒకదాన్నొకటి దాటనివ్వకుండా చూసినవాడికి అది ఎలా తెలుస్తుంది?

ఎక్కడైనా కళ్ళారా చూస్తే గానీ రాయకూడదనుకున్నాడు. బుధవారి బజార్ నుంచి స్టేషనుకి పోయే రోడ్డులో ఒక మలుపుంది. మలుపు తర్వాత రెండు వందల గజాలు తిన్నగా ఉంటుంది. పొద్దున ఎనిమిదింటికి ఆటోలు, బ్యాటరీ రిక్షాలు, స్కూటర్లు బండి అందుకోవాలని ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ పోతాయి. అక్కడి టీ కొట్టు బెంచీ మీద నోటుపుస్తకంతో కూర్చుని లెక్క రాయడం మొదలుపెట్టాడు. ఎవరు దాటబోయారు, ఎక్కడ దాటబోయారు, దాటారా, వెనక్కి తగ్గారా.

"రిటైరయ్యాక ఆటోలకి కంట్రోలరయ్యేరేటి," అంది శాంతాదేవి మొదటిరోజు ఇంటికి రాగానే.

రెండు రోజుల్లో మూడు వందల పై చిలుకు ప్రయత్నాలు రాశాడు. మలుపులో దాటబోయినవాడు పదింట తొమ్మిదిసార్లు తగ్గాడు. మలుపులో ముందువాడికి అంటుకుని ఉండి, తిన్నని రోడ్డు రాగానే బయటికి తీసినవాడు సగానికి సగం దాటాడు. ఒకసారి తీసి మళ్ళీ లోపలికి వచ్చినవాడు రెండు బళ్ళ మేర వెనకబడ్డాడు. ముందువాడు గట్టివాడైతే, నడిరోడ్డు పట్టుకుని పోతే, ఎంత వేగమున్నా లాభంలేదు.

మూడో రోజు లెక్కలు తారుమారయ్యాయి. అదే మలుపు, అదే వేళ, కానీ దాటినవాళ్ళు దాదాపు రెట్టింపు. జగన్నాథం కంగారుపడి చుట్టూ చూశాడు. రోడ్డుకి రెండువైపులా కొట్లవాళ్ళు తమ బల్లలు, బుట్టలు, బోర్డులు అన్నీ లోపలికి లాగేసుకున్నారు. రోడ్డు ఇంకో నాలుగడుగులు వెడల్పయింది. టీ కొట్టతను ఆ రోజు టీ ఇచ్చి, వినయంగా చేతులు కట్టుకుని హిందీలో అడిగాడు, సాబ్, కొట్లు ఎప్పుడు పడగొట్టేస్తారు, కొంచెం ముందుగా చెబితే మంచిది కదా అని. రెండు రోజులుగా పుస్తకంలో ఏదో రాసుకుంటున్న కళ్ళజోడు మనిషి మున్సిపాలిటీ తాలూకు అని బజారంతా అనుకుంది. తాను కార్ల ఆట కోసం రాసుకుంటున్నానని జగన్నాథం ఎంత చెప్పినా అతను నమ్మలేదు. ఎవరైనా నమ్ముతారా? కానీ ఆ పొరపాటు జగన్నాథానికి లాభించింది. ట్రాకు వెడల్పు అనేదాన్ని ఆయన ప్రోగ్రాములో అసలు రాయనే లేదు.

ఇంటికొచ్చి పదహారు ముక్కలకీ వెడల్పులు ఇచ్చాడు. ముందుకారు వెనక గాలి చాటున ఉన్నది ఎంత పుంజుకుంటుందో, దాటబోయి విఫలమైతే ఎంత పోగొట్టుకుంటుందో, అడ్డుకునే డ్రైవరు గట్టివాడైతే ఎంత అడ్డుపడతాడో, నోటుపుస్తకం పక్కన పెట్టుకుని రాశాడు. ప్రతి మార్పుకీ ఒక చార్టు గీసి చూశాడు. తెల్ల షీట్లు అయిపోతే పాత క్యాలెండర్ల వెనకవైపు గీశాడు. చివరికి మిగిలింది తీసేసిన ఆ నాలుగు లైన్లు. ట్రాకు మీద ప్రమాదం జరిగితే అక్కడ పసుపు జెండా ఊపుతారు. జెండా ఉన్న చోట ఎవరూ ఎవరినీ దాటకూడదు. ఆ నాలుగు లైన్లనీ తెచ్చి, ఒక్క అక్షరం మార్చకుండా, అక్కడ పెట్టాడు. వాటి చోటు అదే.

మూడో ఆదివారం పదిగంటలకి తఖత్‌పూర్ ఆయన తప్ప అందరూ వచ్చారు. రేసు మొదలైంది. ఏడో ల్యాపులో మనీష్ ఆకుపచ్చ చుక్క జగన్నాథం నీలం చుక్కకి అంటుకుంది. తిన్నని రోడ్డులో బయటికి తీసింది, కుదరక వెనక్కి తగ్గింది. ఎనిమిదో ల్యాపులో మళ్ళీ తీసింది. రెండు చుక్కలూ ఒకే ముక్కలో పక్కపక్కన పోయాయి. జగన్నాథం చెయ్యి తనంతట తానే బల్ల మీద ఫోను కోసం తడిమింది, బండి ఆపించమని చెప్పడానికి. ఆకుపచ్చది ముందుకి పోయింది.

"అంకుల్, దాటాను," అన్నాడు మనీష్. ఎగతాళి లేదు, కాస్త నమ్మలేనట్టుంది గొంతు.

"దాటేవు కదా, ఇంక ఎనక్కి చూడకు, పో," అన్నాడు జగన్నాథం.

పందొమ్మిదో ల్యాపులో రెండు కార్లు ఒకదాన్నొకటి రాసుకుని తొమ్మిదో ముక్కలో ఆగిపోయాయి. తెర మీద అంతమేర పసుపు రంగు పడింది. అక్కడికి వచ్చిన చుక్కలన్నీ బుద్ధిగా ఒకదాని వెనక ఒకటి వరస కట్టాయి. మళ్ళీ పాత జబ్బు వచ్చిందా సార్ అని ప్రణీత ఆదుర్దాగా అడిగింది.

"లేదమ్మా, అక్కడ జెండా ఉంది. జెండా ఉన్నకాడ ఎవుడూ దాటకూడదు," అన్నాడు ఆయన, తృప్తిగా.

పళ్ళ డాక్టరు గెలిచాడు. మనీష్ మూడోవాడు. జగన్నాథం కార్లు ఐదు, తొమ్మిది. రేసు అయిపోయినా గంటసేపు ఎవరూ కాల్ వదల్లేదు. ఎవరు ఎక్కడ ఎవరిని దాటారో, ఎవరు టైర్లు తొందరపడి మార్చారో, అందరూ ఒకేసారి మాట్లాడారు. ఆ గొడవ మధ్యలోనే ప్రణీత ఓట్లు తీసుకుంది. పదిహేడు మంది సరేనన్నారు. తఖత్‌పూర్ ఆయన పెళ్ళిలో ఉండి ఓటు వేయలేదు. కొత్త సీజను వచ్చే ఆదివారమే మొదలు.

ఒక్క షరతు జగన్నాథం తనే పెట్టాడు. రేసులో తన జట్టూ ఉంది కాబట్టి ఆట తాళం, అంటే పాస్‌వర్డ్, తన దగ్గర ఉండకూడదు. ఈ మాటకి గ్రూపులో అందరూ, మాకు మీమీద నమ్మకముంది అంకుల్ అన్నారు. ఆయన వినలేదు.

బుధవారం పొద్దున ప్రణీత ఆఫీసుకి పోతూ స్కూటరు మీద వచ్చింది. శాంతాదేవి ఆమెకి ఉప్మా పెట్టింది. జగన్నాథం పన్నెండు పేజీలు నిండిన ఇంకో నోటుపుస్తకం ముందు పెట్టాడు. చేత్తో రాసింది. తెలుగులో ఒక పేజీ, పక్కనే మనీష్ లాంటివాళ్ళ కోసం హిందీలో ఒక పేజీ. రేసు ఎలా మొదలుపెట్టాలి, మధ్యలో కరెంటు పోతే ఏం చేయాలి, ఎవరైనా ఫలితం మీద అభ్యంతరం చెబితే లెక్క ఎక్కడ చూసుకోవాలి, కొత్త ట్రాకు ఎలా కలపాలి.

ఆమె చదివింది. తర్వాత ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, తనొక్కతే ఒక ఉత్తుత్తి రేసు మొదలుపెట్టింది, మధ్యలో ఆపింది, మళ్ళీ ఆపిన చోటి నుంచి నడిపింది. ఒకచోట తడబడింది. ఆయన చెప్పబోయి నోరు మూసుకున్నాడు. ఆమె పుస్తకంలో నాలుగో పేజీ తిరగేసి తనే దారి పట్టుకుంది.

"ఇప్పుడు పాస్‌వర్డ్ మార్చుకోమ్మా," అని ఆయన లేచి వరండాలోకి వెళ్ళాడు. మార్చానని ఆమె పిలిచాక వచ్చి, తన పాత పాస్‌వర్డ్ ఒకసారి కొట్టి చూశాడు. తెర ఒప్పుకోలేదు. ఇంకోసారి కొట్టాడు. ఒప్పుకోలేదు.

"సరిపోయినాది," అన్నాడు.

ప్రణీత పుస్తకం చివరి పేజీలో ఆట తనకి అందిందని రాసి, కింద పేరు, తేదీ వేసింది. కంట్రోల్ ఆఫీసులో డ్యూటీ అప్పగించేటప్పటిలా ఆయన గోడ గడియారం వైపు చూపిస్తే, టైము కూడా వేసింది. తొమ్మిది ఇరవై. పుస్తకాన్ని సంచిలో పెట్టుకుని స్కూటరు తీసింది.